ఎడారి ఇసుకకు ప్రాణమున్న తోలు - వాన నీళ్లు ఎవరి వాటాకు?

అనంతపురం జిల్లాలో హగరి ఒడ్డు పల్లెలు చూసినవాళ్లకు మేము కొత్తగా చెప్పవలసింది లేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల్లో ఎండిన ఏటి ఇసుక గాలికి లేచి, గట్టు దాటి, కంచె దాటి, చేలల్లో దిబ్బలు పోసుకుని కూర్చుంది. పట్టా రైతు పేరున వుంటుంది, చేను ఇసుక కింద వుంటుంది. చేను పోయిన రైతు ఎటో వలసపోతాడు. ఆ చేలో కలుపు తీసి, కాయ కోసి బతికిన కూలీ అతనికంటే ముందే పోతాడు.

ఆ వైపు ఒక ఊళ్లో మేము వ్యవసాయ కూలీల తరగతి పెట్టినప్పుడు ఒక పడుచువాడు లేచి అడిగాడు: "అన్నా, చైనాలో గడ్డి గళ్లు పరిచి ఎడారిని నిలబెట్టినారంట గదా. ఫోన్లో చూసినా. మనమూ అట్ల చేసుకోలేమా?"

చేతి కష్టంతో ఎడారిని ఆపారంటే కూలి సంఘం వాళ్లకు ఛాతీ పొంగదా? అవునని చెప్పేద్దామనే అనిపించింది. కాని తెలియనిది తెలిసినట్టు చెప్పి నాలుక కరుచుకున్న అనుభవాలు మాకు కొన్ని వున్నాయి. చదివి వస్తామన్నాం. పక్కన నిఘంటువు పెట్టుకుని, అర్థం కానిచోట వ్యవసాయ కళాశాల కుర్రవాళ్లను పట్టుకుని, కొన్ని నెలలు చదివాం. తేలింది ఏమిటంటే, ఇసుక ఆగిన తర్వాత అక్కడ ఇంకో సంగతి జరిగింది. ఆగిన ఇసుక మీద ఒక తోలు మొలిచింది. మొలిచింది అనే అంటున్నాం, ఎందుకంటే దానికి ప్రాణముంది. ఆ తోలు వాన నీళ్ల దారిని మార్చింది. ఆ పడుచువాడికి ఇవ్వవలసిన జవాబులో సగం ఇక్కడే వుంది.

ముందు ఆ చోటు సంగతి. చైనా ఉత్తర భాగంలో టెంగర్ అనే ఎడారి వుంది. దాని దక్షిణపు అంచున, నింగ్‌షియా ప్రాంతంలో, హోవాంగ్ హో నది పక్కన షాపోటౌ అనే చోటుంది. బౌటౌ నుంచి లాన్‌జౌకు వేసిన రైలుమార్గం ఆ ఇసుక దిబ్బల్లోంచి పోవాలి. పట్టాలు వేయడం ఒక ఎత్తు, వేసిన పట్టాలను ఇసుక పూడ్చకుండా కాపాడడం ఇంకో ఎత్తు. 1955లో అక్కడ ఎడారి పరిశోధనా కేంద్రం పెట్టారు. 1956లో మొక్కలు నాటడం మొదలుపెట్టారు. 1958లో రైళ్లు తిరిగాయి.

పద్ధతి చెబితే ఇంతేనా అంటారు. గోధుమ గడ్డిని ఇసుక మీద మీటరు పొడవు, మీటరు వెడల్పు గళ్లుగా పరుస్తారు. గడ్డి పరక మధ్యలో పారతో తొక్కితే నడుము ఇసుకలోకి దిగుతుంది, రెండు కొసలూ జానెడు ఎత్తున పైకి లేచి నిలబడతాయి. చూడడానికి చదరంగం పలక. గాలి ఆ గడ్డికి తట్టుకుని నేలకు దగ్గరగా వేగం తగ్గిపోతుంది, గడిలో ఇసుక గడిలోనే వుంటుంది. గడ్డి నాలుగైదేళ్లలో కుళ్లిపోతుంది. ఆ లోపల గళ్లలో నాటిన పొదలు వేళ్లు పట్టాలి. కరగానా అనే చిక్కుడు జాతి పొద, మన మాచిపత్రి జాతికి చెందిన పొద ఒకటి, ఇట్లాంటివి నాటారు. రైలుదారికి ఉత్తరాన 500 మీటర్లు, దక్షిణాన 200 మీటర్లు, 16 కిలోమీటర్ల పొడవున ఈ పని జరిగింది. యంత్రం దిగేచోటు కాదు, గడి గడికీ మనిషి వంగవలసిందే. ఒక్క హెక్టారుకు ఇట్లాంటి గళ్లు పదివేలు. మన వాళ్లు నాటు వేసేటప్పుడు నడుము ఎట్లా పడిపోతుందో తెలిసినవాళ్లు ఆ 16 కిలోమీటర్లను ఒకసారి ఊహించుకోవచ్చు. పుస్తకాల్లో శాస్త్రజ్ఞుల పేర్లున్నాయి, వంగిన నడుములకు పేర్లు లేవు. సరే, ఇది మా గొణుగుడు.

ఆ దిబ్బల మీద ఏడాదికి కురిసేది సుమారు 180 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు అంటే ఏమిటో మన కార్యకర్తలు చాలామంది రేడియోలో వినడమే తప్ప పట్టించుకోరు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు పోస్తే అది ఒక మిల్లీమీటరు వాన. కాబట్టి ఆ గడ్డి గడి ఒక్కొక్కదానికి ఏడాది మొత్తం మీద దక్కేది 180 లీటర్లు. కరువు జిల్లా అని పేరుపడ్డ అనంతపురం సగటు సుమారు 550. భూగర్భ జలం అందుతుందా అంటే, అక్కడ అది 80 మీటర్ల కింద వుంది. ఏ పొద వేరూ అంత దూరం పోదు. అంటే పొద బతకాలన్నా చావాలన్నా ఆ 180 లీటర్లలోనే. ఆకాశం నుంచి పడింది ఎంత, అందులో ఇంకింది ఎంత, ఎంత లోతుకు ఇంకింది - అక్కడి బతుకంతా ఈ మూడు ప్రశ్నల మీద నడుస్తుంది. మన మాటలో చెప్పాలంటే, పదును ఎంత దిగింది అన్నదే.

ఉత్త ఇసుకలో పదును బాగా దిగుతుంది. పడిన చుక్క పడినట్టు లోపలికి పోతుంది. పైన రెండు మూడు అంగుళాలు ఎండి పొడిగా అయిపోతే, ఆ పొడి ఇసుకే దుప్పటి కప్పినట్టు కింది తేమను కాపాడుతుంది. ఏట్లో చెలమ తవ్వి నీళ్లు ముంచుకున్న మన ఆడవాళ్లకు దీన్ని పాఠం చెప్పనక్కర్లేదు. మెట్ట రైతు కూడా వాన వెలిసి నేల ఆరగానే గుంటక తోలి పై మన్ను పొడి చేసేది ఇందుకే. షాపోటౌలో మొదట నాటిన పొదలు ఈ లోతు తేమను తాగి దివ్యంగా పెరిగాయి. పదిహేనేళ్లు గడిచేసరికి నేలలో మూడో వంతును, అంటే నూటికి 33 వంతుల దాకా, పొదలు కప్పేశాయి.

గాలి నెమ్మదించినచోట ఇంకొకటి జరిగింది. గాలిలో తేలివచ్చే మెత్తని దుమ్ము గళ్ల మధ్య వాలింది. వాన పడినప్పుడల్లా ఆ దుమ్ము తడిసి, ఎండి, బూడిదరంగు అట్టగా కట్టింది. ఆ అట్టలో నాచు పుట్టింది. నాచు తర్వాత మెల్లగా ఇంకా పెద్ద జీవాలు వచ్చాయి. ఇంజనీర్లు ఎవరూ దాన్ని తలపెట్టలేదు, దానికి ఎవరూ కూలి ఇవ్వలేదు.

ఈ నాచు మన వరి రైతులు ఎరగనిది కాదు. నీలి ఆకుపచ్చ నాచు అని, మడిలో చల్లితే గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇస్తుందని చెబుతారే, అదే కుటుంబం. వరి మడిలో ఈ నాచు చేసే పనిని పి.కె.డే 1939లోనే చూపించారు. ఉత్తరాది చౌడు నేలలను దీనితో బాగుచేయవచ్చని కాశీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఆర్.ఎన్.సింగ్ 1950లో రాశారు. మడిలో నీళ్లలో తేలే నాచుకు ఎడారిలో ఏం పని అనుకుంటాం. కాని ఎడారి జాతులు గట్టి పిండాలు. ఎండలో పొరక పొరకగా ఎండిపోయి చచ్చినట్టు పడివుంటాయి. నాలుగు చుక్కలు పడగానే నిమిషాల్లో లేస్తాయి. దారం పోగుల్లాంటి వాటి శరీరాల చుట్టూ జిగట తొడుగు వుంటుంది. తడిసినప్పుడు ఆ పోగులు వెలుతురు వైపు పైకి జరుగుతాయి, ఎండేసరికి జిగట తొడుగు అక్కడే మిగిలిపోయి ఇసుక రేణువులను పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ఇట్లా జరిగి జరిగి ఇసుక గింజలన్నీ నేత నేసినట్టు ఒకదానికొకటి అల్లుకుంటాయి. దాని మీదికి రాతిపువ్వు జాతి జీవాలు వస్తాయి, అంటే మసాలాలో వేసుకునే రాతిపువ్వుకు చుట్టాలు. ఆపైన, వానాకాలం పాత గోడల మీద మెత్తగా పచ్చగా పెరిగే పాచి వస్తుంది. అన్నీ కలిసి మందం కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే అంగుళం. భూమి మీద నేల భాగంలో నూటికి 12 వంతులను ఇట్లాంటి ప్రాణమున్న పొర కప్పివుందని 2018లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. మేము ఆ అంకె చదివి పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాం. ఇన్నాళ్లూ దాన్ని తొక్కుకుంటూనే తిరిగాం గదా!

తొక్కడమేమిటి, గీకించాం కూడా. కొన్నేళ్ల కిందట ఒక గుట్ట కింది బంజరులో కందకాల పని జరిగింది. ఎర్రమట్టి మీద నల్లగా పొక్కులు పొక్కులుగా ఒక పొర వుంది. మేస్త్రీ కొలతలకు అడ్డమన్నాడు, పైమట్టి శుభ్రం చేయమన్నాడు. పనిలో వున్న ఒక పెద్దమ్మ మమ్మల్ని పిలిచి, "నాయనా, ఇది వాన పడితే ఉబ్బి పచ్చగా లేస్తాది. దీన్నెందుకు గీకమంటాండారు?" అంది. మేము ఆ రోజు కొలతల గొడవలో, కూలి రేటు గొడవలో వున్నాం. గీకేయండి పెద్దమ్మా, లెక్క తొందరగా తేలుతుంది అన్నాం. ఆ ఏటి మొదటి పెద్దవానకే గీకిన చోట మట్టి కోసుకుపోయి కందకాలు సగం పూడాయి. పూడిక తీయడానికి వేరే కూలి రాలేదు. ఆ తప్పులో మేస్త్రీది ఎంత వుందో మాదీ అంత వుంది.

మళ్లీ షాపోటౌకు వద్దాం. పొర గట్టిపడే కొద్దీ వాన నీళ్లకు ఏమైంది? జిగట తడిసి ఉబ్బుతుంది, ఉబ్బితే ఇసుక సందులు మూసుకుంటాయి. దుమ్ములోని మెత్తని రేణువులు తేమను పైనే పట్టుకుంటాయి. పాచి స్పాంజిలాగా పీలుస్తుంది. ఆ ఎడారిలో వానల్లో ఎక్కువ భాగం చిన్న జల్లులే. ఉత్త ఇసుకలోనైతే ఆ జల్లు కూడా ఎంతో కొంత కిందికి దిగేది. పొర వచ్చాక అది పైనే ఆగింది. పైన ఆగిన నీళ్లకు పొడి ఇసుక దుప్పటి లేదు, మర్నాటి ఎండకు లేచిపోయాయి. దానితో నేల లోపలి తేమ, మొదట నూటికి మూడు వంతులకు పైగా వున్నది, ఒకటి - ఒకటిన్నరకు దిగింది.

లోతు వేళ్ల పొదలు దాహంతో ఎండడం మొదలుపెట్టాయి. నూటికి 33 వంతులు కప్పిన పొదలు క్రమంగా సుమారు 9 వంతులకు తగ్గాయి. వాటి చోటును పైపై వేళ్ల గడ్డి, ఏడాది మొక్కలు తీసుకున్నాయి. వాటికి కావలసింది పైన వుండే తేమే గదా. చీమలు వచ్చాయి, పురుగులు వచ్చాయి. ఇసుక మాత్రం కదలలేదు. 1956, 1964, 1981, 1987 - నాలుగు సార్లు నాటిన చోట్లు పక్కపక్కనే వుండడం వల్ల, వయసు తేడాలున్న అన్నదమ్ములను నిలబెట్టి చూసినట్టు ఈ మార్పును శాస్త్రజ్ఞులు చూడగలిగారు.

దీన్ని ఓటమి అనాలా? కొందరు అంటారు. మేము అనం. రైలు నడుస్తోంది, దిబ్బ ఆగింది, గడ్డి మొలిచింది. అయితే పొదలు ఎంత ఒత్తుగా వుంటే అంత మేలు అనే మొదటి లెక్క తప్పింది. పొదలూ ఆ నీళ్లు తాగాయి, పొరా నీళ్లను పైనే పట్టింది, ఇద్దరి మధ్యా లోతు తేమ ఖాళీ అయింది. పలచగా నాటి, పొరకు చోటు వదలాలని తర్వాత నేర్చుకున్నారు. మొక్కల సంఖ్య చూపించి బిల్లు చేసుకునే మన పథకాల వాళ్లకు ఈ ముక్క వినపడాలి. ఎకరాకు ఎన్ని నాటారని అడుగుతారే గాని, ఆ ఎకరాలో ఎన్ని మొక్కలకు సరిపడా పదును వుందని అడిగిన అధికారి మాకు ఇంతవరకు తగల్లేదు.

అయితే పొర ఎక్కడున్నా నీళ్లను అడ్డుకుంటుందా? ఇక్కడే మేము చాలా తికమకపడ్డాం. ఒక పుస్తకం ఇంకేలా చేస్తుందని, ఇంకో పుస్తకం ఇంకకుండా చేస్తుందని. ఇద్దరు సాక్షులు ఎదురెదురు చెబితే ఒకడు అబద్ధమాడుతున్నాడు అనుకోవడం మన కోర్టు అలవాటు. ఇక్కడ ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాళ్లు నిలబడ్డ నేలలు వేరు.

అమెరికాలో కొలరాడో పీఠభూమి వుంది. యూటా రాష్ట్రంలో కాన్యన్‌లాండ్స్ అనే రక్షిత ప్రాంతంలో ఈ పొర నల్లగా, చీమల పుట్టల్లాగా, బొడిపెలు బొడిపెలుగా వుంటుంది. చలికాలం అక్కడ నేల గడ్డకడుతుంది. తడి గడ్డకట్టి పొంగినప్పుడల్లా పొర పైకి లేస్తుంది, అట్లా ఎగుడు దిగుడు అవుతుంది. ఆ గుంటల్లో వాన నీళ్లు పారకుండా నిలిచి తాపీగా ఇంకుతాయి. ఆ పొరను బూటుకాలితో ఒకసారి తొక్కితే బాగుపడడానికి దశాబ్దాలు పడుతుందని జేన్ బెల్నాప్ వంటి శాస్త్రజ్ఞులు చూపించారు. గడ్డకట్టే చలి లేని వేడి ఎడారుల్లో పొర నున్నగా, పలకలాగా వుంటుంది, నీళ్లు జారిపోతాయి. నేల రకం కూడా చూడాలి. వట్టి ఇసుక సహజంగానే బాగా ఇంకించుకునేది, దాని మీద పొర వస్తే ఇంకడం తగ్గుతుంది. మన ఎర్ర నేలల్లాగా వాన దెబ్బకే మన్ను మెదిగి అట్టకట్టే చోట, వేరుశనగ మొలక పైకి రాలేక మెడ విరిగే చోట, వాన చినుకు దెబ్బను ప్రాణమున్న పొర కాచుకుంటుంది. ప్రాణం లేని అట్టతో పోలిస్తే అది మేలే. లోకం మొత్తం మీద జరిగిన పరిశోధనలను కలిపి 2020లో లెక్క కట్టినప్పుడు సగటున తేలింది ఇది: పొర వున్నచోట ఇంకడం సుమారు మూడో వంతు తగ్గింది, మట్టి కొట్టుకుపోవడం సుమారు మూడింట రెండు వంతులు తగ్గింది, నేల పైపొరలో నిలిచే తేమ కొంత పెరిగింది. మా కందకాలు ఎందుకు పూడాయో ఆ రెండో అంకె చెప్పింది.

ఇంకకుండా జారిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నది తర్వాతి ప్రశ్న. కూలి సంఘంలో పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న సహజంగానే వస్తుంది. ఒకడి చేతిలోంచి పోయిన రూపాయి ఇంకొకడి జేబులో వుంటుంది గదా.

దీనికి జవాబు పశ్చిమాసియాలోని నెగెవ్ ఎడారిలో బాగా దొరికింది. అక్కడ ఈజిప్టు సరిహద్దు దగ్గర, నిజ్జానా అనేచోట ఇసుక దిబ్బలున్నాయి. ఏడాదికి వంద మిల్లీమీటర్లకు మించని వాన. ఇసుక దిబ్బ మీద వాన నీళ్లు పారతాయని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. పారతాయని అరోన్ యాయిర్ అనే పరిశోధకుడు 1990లో చూపించాడు. దిబ్బ మీది పలుచని నాచుపొర నీళ్లను జార్చి దిబ్బ పాదానికి పంపుతోంది. పొరను గీకేసిన చోట పారకం ఆగిపోయింది, నీళ్లన్నీ పడినచోటే ఇంకిపోయాయి. ఇంకితే మంచిదే గదా అంటారు. వంద మిల్లీమీటర్ల వాన అంతటా సమానంగా ఇంకితే ఎక్కడా ఏ వేరుకూ చాలదు. అదే పై నేల జార్చి కింద ఒకచోట చేరిస్తే, అక్కడ ఒక పొద బతుకుతుంది. ఉత్తరపు నెగెవ్‌లో మోషే షచాక్ వంటివాళ్లు ఇదే చూశారు. పొదల మధ్య పొర కట్టిన ఖాళీ నేల నీళ్లను ఇస్తుంది, పొద మొదట్లో గుల్లగా వున్న మట్టిదిబ్బ ఆ నీళ్లను అందుకుంటుంది. పొరను పగలగొడితే పొదకు వాటా తగ్గుతుంది. ఖాళీగా వుంది గదా, పనికిరాని నేల గదా అని మనం అనుకునేది, పొదకు నీళ్లు కట్టే నేల.

ఆ ఎడారి పాత రైతులకు ఈ లెక్క తెలుసు. రోమన్ల కాలంలోనూ తర్వాతా అవ్దాత్, శివ్తా ఊళ్ల చుట్టూ వాగుల అడుగున రాతి గట్లు కట్టి ద్రాక్ష, గోధుమ పండించారు. ఒక ఎకరా పొలానికి ఇరవై ముప్పై ఎకరాల గుట్ట వాలు నీళ్లు పంపేది. గుట్ట నేల వానకు అట్టకట్టే స్వభావం కలది, దాని మీద ఈ పొరా వుంది. రెండూ కలిసి నీళ్లను కిందికి జార్చాయి. మైకేల్ ఎవెనరి అనే వృక్షశాస్త్రజ్ఞుడు తన తోటివాళ్లతో కలిసి 1950ల చివర ఆ పొలాలను మళ్లీ కట్టి, వాన నీళ్లతోనే పంట తీసి చూపించాడు. మన చెరువుకు పరీవాహకం ఎంత ముఖ్యమో అక్కడ పొలానికీ అంతే.

ఇంతవరకూ నీళ్ల సంగతి. మనుషుల సంగతి చెప్పకుండా వదిలేస్తే కాలమ్ సగమే అవుతుంది. ఉపగ్రహం నుంచి తీసిన ఫొటోల్లో ఈజిప్టు - ఇజ్రాయెల్ సరిహద్దు గీత గీసినట్టు కనిపిస్తుంది. సినాయ్ వైపు నేల తెల్లగా, నెగెవ్ వైపు నల్లగా. మొదట్లో నెగెవ్ వైపు చెట్టూ చేమా ఎక్కువ కాబోలు అనుకున్నారు. 1990లలో దిగి చూస్తే, నలుపులో ఎక్కువ భాగం ఈ నాచుపొరదే. సినాయ్ వైపు బెడూయిన్ల గొర్రెలు, మేకలు, ఒంటెలు తొక్కడం వల్ల పొర నిలవలేదు. 1982లో సరిహద్దు మళ్లీ మూతపడ్డాక ఇటువైపు మేత ఆగింది, పొర మళ్లీ కట్టింది.

డెక్క తొక్కితే పొర పగులుతుంది. ఇది నిజం, మన గొర్రెల కాపరి మిత్రులకు కోపం వచ్చినా దాచవలసిన పని లేదు. కాని ఈ నిజాన్ని ఎవరు ఎట్లా వాడుకుంటారో చూడాలి. శాస్త్రజ్ఞులు పొర జోలికి రాకముందే, 1950లో, ఇజ్రాయెల్ పార్లమెంటు మేకల వల్ల మొక్కలకు నష్టం అనే పేరుతో చట్టం చేసింది. జనం దాన్ని నల్లమేకల చట్టం అన్నారు. అరబ్బు పల్లెల వాళ్లూ బెడూయిన్లూ దానివల్ల మందలు పోగొట్టుకున్నారు. 2018లో దాన్ని రద్దు చేశారు. మేకలు లేక అడవుల్లో పొదలు పెరిగి మంటలు ఎక్కువవుతున్నాయనే వాదన రద్దుకు ఒక కారణం! మంద తిరగడానికి ఒకప్పుడు ఎంత మేర వుండేది, కంచెలూ సరిహద్దులూ సైనిక ప్రాంతాలూ వచ్చాక ఎంత మిగిలింది? వంద మేకలు వందచోట్ల తిరిగితే పొరకు తేరుకునే వ్యవధి వుంటుంది. అవే మేకలను ఒక మూలకు నెట్టి, పొర పగిలిందని కాపరి మీద కేసు పెడితే అది శాస్త్రం కాదు. మన దగ్గరా బంజరు మీద కన్నుపడ్డ ప్రతివాడూ ముందు గొర్రెల కాపరినే దొంగ అంటాడు.

ఇక ఆ పడుచువాడికి ఇచ్చిన జవాబు. గడ్డి గళ్లు ఇసుకను ఆపుతాయి, అది నిజమే తమ్ముడూ, హగరి ఒడ్డున ప్రయత్నించదగినదే, గడ్డి మోయడానికీ పరచడానికీ కూలి కట్టిస్తే. ఇక్కడి వాన అక్కడికి మూడింతలు, కాబట్టి ఇక్కడ పొర ఎట్లా కడుతుందో, ఎంత తొందరగా కడుతుందో షాపోటౌ అంకెలను తెచ్చి అతికించి చెప్పలేం. మొక్కలు పలచగా నాటాలి. ఇసుక ఆగిన రెండు మూడేళ్లకు పైన నల్లగా పొర కనబడితే గీకొద్దు, మేస్త్రీ చెప్పినా గీకొద్దు. నీళ్లు ఏమవుతున్నాయో మనమే చూడాలి.

చూసే పద్ధతి కష్టం కాదు. రంగు డబ్బా ఒకటి తీసుకుని అడుగు కోసేయాలి. పొర వున్నచోట చుట్టూ కాస్త తడిపి, డబ్బాను రెండు అంగుళాలు నేలలోకి నొక్కాలి. తడపకుండా నొక్కితే పొర పగిలి లెక్క తప్పుతుంది. ఒక చెంబు నీళ్లు మెల్లగా పోసి, ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్లో చూసి రాసుకోవాలి. పక్కనే పొర లేని చోట అదే డబ్బా, అదే చెంబు. మర్నాడు రెండుచోట్లా గడ్డపారతో నిలువుగా తవ్వి, పదును ఎన్ని అంగుళాలు దిగిందో కొలవాలి.

మేము పోయిన ముంగారులో ఆ పెద్దమ్మనూ ఈ పడుచువాడినీ తీసుకుని గుట్ట కింది బంజరుకు పోయి పోసి చూశాం. గీకగా మిగిలిన నల్లపొర మీద నీళ్లు చాలాసేపు నిలిచాయి. గీకిన చోట ఎర్రమన్ను మెదిగి, అంతకంటే ఎక్కువసేపు నిలిచాయి. మర్నాడు తవ్వుదామనుకుంటే ఆ రాత్రే వాన పట్టుకుంది, లెక్క చెడింది. డబ్బాలు ఆ పడుచువాడి ఇంట్లో వున్నాయి. ఈసారి హగరి ఇసుక మీద కూడా పోసి చూడాలి.